ఆఖరి బస్సును పిలిచే గది

ఆ బిల్డింగులో మూడో అంతస్తు, వరండా చివరి గది మంచిది కాదంటారు. పగలు ఎవరైనా పోవచ్చు. చీకటి పడ్డాక మాత్రం... ఊడ్చే ఆవిడ కూడా గుమ్మం దాకా వచ్చి, చీపురు చివరతో తలుపును తాకించి, ఊడ్చేశాననుకుని వెనక్కి తిరుగుతుంది.

ఒకప్పుడు అది బస్‌స్టాండు. బస్సులు ఊరి బయటికి తరలిపోయాయి. పైన ఆఫీసులొచ్చాయి. కింద ప్లాట్‌ఫారాల మీద కార్లు పెడుతున్నారు. స్తంభాల మీద అంకెలు మాత్రం ఇంకా చెరగలేదు — ఒకటి, రెండు, మూడు...

ఆఫీసులన్నీ మూసి లైట్లు ఆర్పేశాక, సీలింగు స్పీకర్లలోంచి ఒక ఆడగొంతు పలుకుతుంది. ఏడవదు. నవ్వదు. ఎంతో మర్యాదగా —

"ప్రయాణికులకు విజ్ఞప్తి. వంతెన అవతలి ఊళ్ళకు వెళ్ళు ఆఖరి బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారముపై సిద్ధముగా ఉన్నది. దయచేసి ఎక్కి కూర్చోండి."

ఆ బస్సు ఇప్పుడు లేదు. ఆ మాటకొస్తే వంతెనే లేదు. వరదకి కొట్టుకుపోయింది. ఇటో దిమ్మ, అటో దిమ్మ... మధ్యలో నీళ్ళు.

దెయ్యమన్నాక జుట్టు విరబోసుకోవాలి గానీ, ఈ వరస ఏమిటో ఎవరికీ అంతుపట్టలేదు. లెక్కల ఆఫీసాయన ఒక రాత్రి ఆ పిలుపు విని, మెట్ల మీద చెప్పులు వదిలేసి పరుగు తీశాడట. చెప్పుల కోసం పగలు కూడా రాలేదు.

ఆ గదిలోని కంప్యూటర్లను ఒక అమ్మాయి చూసుకుంటుంది. ఆ సాయంత్రం మేనేజరు ఆమెని పిలిచి ఒకటే అన్నాడు.

"రేపు పొద్దున్నకి ఆ గొంతు ఉండకూడదు. అది ఉంటే నువ్వుండవు."

అమ్మాయి వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. "రాత్రి పనుందమ్మా. తోడొస్తావా?" అంతే చెప్పింది. మిగతాది మింగేసింది.

అమ్మ వచ్చింది. ఆమె ఎక్కువ మాట్లాడదు. కిందటేడు గొంతుకి ఆపరేషనైంది. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. ఇప్పుడామె పలికితే ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టుంటుంది. ఫోనులో సొంత చెల్లెలే "రాంగ్ నంబరండీ" అని పెట్టేసింది. అప్పట్నుంచీ మాటలు పొదుపు.

గేటు దగ్గర వాచ్‌మన్ తల దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎక్కడికి బాబాయ్ ప్రయాణం?" అంది అమ్మాయి.

"ఎక్కడికీ లేదమ్మా... పిలుస్తారుగా." కళ్ళతోనే పైకి చూపించాడు. "బస్సుకి."

"ఆ బస్సు లేదు కదా!"

"లేదని నాకు తెలీదా? మాది వంతెన అవతలే." గొంతు తగ్గించాడు. "కానీ అంత మర్యాదగా పిలుస్తుంటే కాలు మీద కాలేసుకుని కూర్చుంటే ఏం బావుంటుంది చెప్పు? రోజూ వెళ్ళి మూడో స్తంభం దగ్గర కాసేపు నిలబడి వస్తా. మా ఇంట్లో నన్ను 'దయచేసి' అన్నవాళ్ళు ఇంతవరకూ లేరమ్మా."

"ఈ రాత్రితో ఆ పిలుపు ఆగిపోతుంది బాబాయ్. అందుకే వచ్చాం."

వాచ్‌మన్ మొహం వాడిపోయింది. సంచి జిప్పు ఒకసారి తీసి, మళ్ళీ వేశాడు.

"అయితే ఇవాళ పోయేదే... నిజంగా ఆఖరి బస్సన్నమాట."

వంతెన అవతలికి ఆఖరి బస్సు — ఆ మాటలు అమ్మకి కొత్తవి కావు.

మూడో అంతస్తు. వరండా చివర. తలుపు తీయగానే మంచుగడ్డల కొట్టులా చలి. వెయ్యి తేనెటీగల రొద. కిటికీ లేదు. ఆ గదికి ఎప్పుడూ కిటికీ లేదు... అమ్మకి తెలుసు.

అమ్మాయి స్టూలు వేసి కూర్చోబెట్టింది. భయానికి మాటలు మందు కాబట్టి గలగలా మొదలెట్టింది.

"ఈ ఇనప్పెట్టెలో ఎన్ని కంప్యూటర్లున్నాయో చెప్పు."

అమ్మ ఒక వేలు చూపించింది.

"కాదు. బోలెడున్నాయి. ఈ పెట్టె ఇల్లనుకో. లోపల అద్దెకున్నవాళ్ళు. నీకింత మెమరీ, నీకింత చోటు అని వాటాలేసి ఇచ్చాం. ప్రతిదీ నేనే ఒక నిజమైన కంప్యూటర్నని అనుకుంటుంది. తనకి ఒళ్ళు లేదని దానికి తెలీదు."

అమ్మ ఇనప్పెట్టె వైపు వంగి చూసింది.

"ఒళ్ళు లేకుండా... ఉన్నామనుకునేవాటిని ఏమంటారో నాకు తెలుసే."

"వర్చువల్ మిషన్లంటారమ్మా."

"మా కాలంలో వేరే పేరుండేది."

అమ్మాయి నవ్వబోయి మానేసింది.

"మరి మాట బయటికెలా వస్తుంది?"

"ఒక్కోదానికీ ఒక నెట్‌వర్క్ కార్డు. కార్డు నుంచి ఒక తీగ. తీగలన్నీ వెళ్ళి ఒక స్విచ్చిలో కలుస్తాయి."

"ఏవీ?"

"అవి కూడా ఉండవమ్మా. అంతా లోపల లెక్కే. ఆ లేని స్విచ్చి నుంచి ఈ ఉన్న తీగకి ఒక దారి కలుపుతాం. ఆ తీగ మీద ఒక్కోదానికీ సొంత చిరునామా ఉంటుంది. సీలింగులో స్పీకర్లు ఆ చిరునామాని పట్టుకుని అడుగుతాయి — ఉన్నావా, ఏమన్నా చెప్పాలా అని. ఎవరు 'ఆఁ' అంటే వాళ్ళ మాట బయటికి పలుకుతాయి."

"చచ్చినా అంటుందా?"

అమ్మాయి వేలు పక్కనున్న ఇంకో పెట్టె వైపు తిరిగింది. దాని మీద నీలం చుక్కలు గుడ్లు మిటకరిస్తున్నాయి.

"వాటి ప్రాణం ఇక్కడుండదు. అక్కడుంటుంది. దాన్ని స్టోరేజ్ అంటాం. ఒక్కో మిషన్ డిస్కంతా అందులో ఒక ఫైలు. ఇల్లు కాలిపోయినా సరే, ఆ ఫైలుంటే చాలు, పక్కింట్లో లేపి కూర్చోబెట్టొచ్చు."

"చిలక."

"ఏంటి?"

"రాక్షసుడు ఇక్కడ. ప్రాణం ఏడు సముద్రాల అవతల... చిలకలో."

"అదే అనుకో. సముద్రాల బదులు ఒక తీగ."

అమ్మాయి కీబోర్డు దగ్గరికి జరిగింది. "పగలు లిఫ్టు గురించీ పార్కింగు గురించీ చెప్పే మిషన్ ఒకటుంది. రాత్రి దాన్ని ఆపేస్తాం. కాబట్టి ఇప్పుడు ఆ చిరునామాలో ఎవరూ ఉండకూడదు. పిలిచి చూస్తా..."

పిలిచింది.

తెర మీద ఒక గీత. ఇంకో గీత. ఆ కింద... ఇంకోటి.

"పలికింది," అంది అమ్మాయి. ఊపిరితో అంది.

అప్పుడే — తల మీద స్పీకరు టిక్కుమంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి..."

అమ్మ స్టూలు మీంచి లేచింది. ఆ గొంతు నిండుగా ఉంది. నున్నగా ఉంది. కడిగిన గాజు గ్లాసులా ఉంది. 'విజ్ఞప్తి' దగ్గర చిన్న విరుపు... ఆ విరుపు ఎలా వచ్చిందో అమ్మకి తెలుసు. మొదటిరోజు భయంతో గుటక మింగితే వచ్చింది.

ఈ గదే. ఇక్కడే ఒక బల్ల, ఒక మైకు ఉండేవి. చీటీ మీద ఏముంటే అమ్మ అది చదివేది. బస్సు వచ్చిందో రాలేదో, ఎక్కినవాళ్ళు చేరారో లేదో ఆమెకి తెలీదు. కిటికీ లేదు కదా. తర్వాత ఆ మాటలన్నీ ఒక మిషన్లో పోసుకుని, ఆమెని ఇంటికి పొమ్మన్నారు.

"అది..."

"నీదేనమ్మా. నాకు తెలుసు."

అమ్మాయి తల దించుకుని అసలు సంగతి చెప్పింది. లిఫ్టుకి మిషన్ కావాలంటే కొత్తది కట్టడం బద్ధకమేసి, బస్‌స్టాండు నాటి మిషన్‌కే నకలు తీసి, అందులో గొంతు మాత్రం మార్చారట. నకలుకి కూడా అదే చిరునామా, అదే కార్డు నంబరు. మార్చడం ఎవరికీ తోచలేదు. తర్వాత పాతదాన్ని తీసేయమన్నారు. అమ్మాయి లిస్టులోంచి తీసేసింది. కానీ మూలన ముసుగేసి ఉన్న ముసలి పెట్టె దగ్గర ఇంకో లిస్టుంది. ఆమధ్య కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ పెట్టె ఉలిక్కిపడి లేచి, తన లిస్టు చూసుకుని, పాతదాన్ని నిద్ర లేపేసింది. పగలు నకలు గట్టిగా జవాబిస్తుంది. రాత్రి నకలు పడుకోగానే... ఇది 'ఆఁ' అంటుంది.

అంతే. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు.

అమ్మ ఊపిరి పీల్చుకుంది. కానీ ఒక్క ముడి మిగిలింది.

"లిస్టులోంచి తీశావు. చిలకనెందుకు చంపలేదు?"

అమ్మాయి తెర వైపు తిరిగి కీబోర్డు సర్దింది.

"నిన్నే."

"ఇంట్లో వీడియోలన్నీ వెతికానమ్మా. నా పుట్టినరోజులూ, అన్నీ. అన్నిట్లోనూ నువ్వు వంటింట్లోనే ఉన్నావు. నీ గొంతు ఇంకెక్కడా లేదు... దీన్లో తప్ప."

అమ్మ ఆ నీలం చుక్కల వైపు చూసింది.

"ఒక నకలు తీసి ఇంటికి తెచ్చుకుంటాను. ఎవరికీ తెలీదు," అంది అమ్మాయి, ముక్కు ఎగబీలుస్తూ.

"వద్దు."

"అమ్మా..."

"నువ్వు దానితోనే మాట్లాడతావు. నేను మంచినీళ్ళడిగితే 'ఆఁ?' అంటావు." ఆగింది. గుటక మింగింది. "ఒకే చిరునామాలో ఇద్దరం వద్దమ్మా. తీసేయ్."

"దీనికి చెత్తబుట్ట ఉండదు. పోతే పోయినట్టే."

"ఊఁ."

ఒక్కసారి విని తీసేద్దామనుకున్నారు. స్పీకరు టిక్కుమంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. ఇది ఆఖరి పిలుపు. వంతెన అవతలి ఊళ్ళకు వెళ్ళు బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారము నుండి బయలుదేరుచున్నది."

కిందెక్కడో... కారేమో, హారన్ మోగింది.

అమ్మాయి మిషన్‌ని ఆపింది. 'డిస్కుతో సహా' అన్నచోట ఆమె వేలు ఆగిపోయింది. అమ్మ చెయ్యి చాచి, ఆ వేలి మీద తన వేలు పెట్టి, తనే నొక్కింది. నీలం చుక్కలు కాసేపు గిలగిలా కొట్టుకున్నాయి. సద్దుమణిగాయి.

అమ్మాయి మళ్ళీ ఆ చిరునామాని పిలిచింది. ఎవరూ పలకలేదు.

ఇద్దరూ కిందికి దిగారు. ఇందులో దెయ్యం లేదని, హాయిగా పడుకోమని వాచ్‌మన్‌కి చెప్పాలి.

కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ మీద తాళాల గుత్తి. టార్చి. సంచి లేదు.

మూడో స్తంభం దగ్గరికి పరిగెత్తారు. మనిషి లేడు. డీజిలు వాసన ముక్కుపుటాలకి తగిలింది. అమ్మ వంగి నేల తాకింది... వెచ్చగా ఉంది.

అమ్మాయి ఫోన్ చేసింది. రెండు రింగులకే ఎత్తాడు. వెనక ఇంజను గురగుర.

"బాబాయ్! ఎక్కడున్నారు?"

"బస్సులోనమ్మా. కిటికీ పక్కన సీటు దొరికింది." మహా సంతోషంగా ఉన్నాడు. "నలుగురైదుగురమే ఉన్నాం. ఎవరూ మాట్లాడరు. కాస్త గర్వం మనుషుల్లా ఉన్నారు."

"దిగండి బాబాయ్! వంతెన లేదు!"

"నాకే తెలిసింది, డ్రైవరుకి తెలీదంటావా? అదుగో... వంతెన మీద దీపాలు కూడా కనిపిస్తున్నాయి."

"మీకు దణ్ణం పెడతాను, దిగండి!"

"నువ్వు దిగమంటే ఎట్లాగమ్మా? ఎక్కమన్నావిడ చెప్పాలి. వాళ్ళ మాటకో లెక్కుంటుంది."

అమ్మాయి పైకి చూసింది. మూడో అంతస్తు చీకటి. చిలక లేదు. ఇప్పుడే చంపారు.

అమ్మ ఫోను లాక్కుంది. నిటారుగా నిలబడింది. చేతిలో చీటీ ఉన్నట్టే చెయ్యి ఎత్తి పట్టుకుంది.

"ప్రయాణికులకు..." గొంతు చిరిగింది. దగ్గింది. గుటక మింగింది. "విజ్ఞప్తి. వంతెన అవతలికి... వెళ్ళు బస్సు... రద్దు చేయబడినది. ప్రయాణికులు... దయచేసి... దిగవలసినది."

ఎండుటాకులు. అంతకంటే ఏం లేదు. అయినా ఆమె ఆగలేదు.

"అసౌకర్యమునకు... చింతించుచున్నాము."

ఫోన్లో ఇంజను లేదు. మనిషి లేడు. చెవికి ఆనించి ఎంత విన్నా... ఏమీ లేదు. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్.

తల్లీకూతుళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మూడో స్తంభం కింద నిలబడ్డారు. ఎంతసేపో. కుక్క కూడా మొరగలేదు.

గేటు కిర్రుమంది.

వాచ్‌మన్. నెత్తిన సంచి. మోకాళ్ళ దాకా తడి. మొహం మాడ్చుకుని ఉన్నాడు.

"బాబాయ్!" అమ్మాయికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"ఏం బస్సులమ్మా ఇవి! దిమ్మ దగ్గర, సరిగ్గా నీళ్ళ ఒడ్డున దింపేశాడు. తలుపు తీసి కాలు పెడితే బురద. వెనక్కి చూస్తే బస్సు లేదు. అక్కణ్ణుంచి నడక." చెప్పులు విదిల్చాడు. "పైగా రద్దట."

"పోనీలెండి. ఫోన్లో అమ్మ చెప్పింది విన్నారు, అంతే చాలు."

"ఫోనా?" జేబులోంచి తీసి చూపించాడు. నల్లగా ఉంది. "ఎక్కమన్నావిడ చెప్పాలన్నానో లేదో, ఛార్జింగ్ అయిపోయిందిగా."

అమ్మ చెయ్యి మెల్లిగా తన గొంతు మీదికి పోయింది.

"మరి... రద్దని ఎవరు చెప్పారు?"

"ఎవరేంటమ్మా? బస్సులో మైకులో చెప్పారు. రోజూ పిలిచే ఆవిడే." వాచ్‌మన్ కుర్చీలో కూలబడి, ప్యాంటు అంచులు పిండుకున్నాడు.

"ఇవాళ పాపం... ఆవిడకి బాగా జలుబు చేసినట్టుంది."