కనిపించిందల్లా పైకి చెప్పాలి

ఆయన డ్రైవింగు స్కూలు నడుపుతాడు కాబట్టి అందరూ ఎదురుగా మాస్టారు అంటారు. చాటుగా మాత్రం బ్రేకు మాస్టారు అంటారు. స్కూలు కారులో ఆయన సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంది. నేర్చుకునేవాడు కంగారుపడితే పక్కనుంచి తొక్కి ఆపడానికి. ఏళ్ల తరబడి తొక్కి తొక్కి ఆ కాలికి సొంత బుద్ధి పుట్టింది. బస్సులో కూర్చున్నా తొక్కుతుంది. మంగలి కుర్చీలో కత్తి గొంతు దగ్గరకొస్తే తొక్కుతుంది. నిద్రలో తొక్కినప్పుడు ఆయన భార్య అటు తిరిగి పడుకుంటూ, "బండి ఆగిందండీ, ఇక పడుకోండి" అనేది.

ఆయన చెప్పే పాఠం ఒకటే. దారిలో కనిపించిందల్లా పైకి చెప్పాలి. "ముందు ట్రాక్టరు, వెనక లైటు లేదు, ఎడం పెంచుతున్నాను." "ఎదురుగా స్కూటరు, తప్పు దారిలో వస్తోంది, పక్కకి తీస్తున్నాను." ఇలా నడిపేవాడు చెబుతూ ఉండాలి. పక్కనున్న మాస్టారు "చూశాను" అనాలి. ఆ మాట రాకపోతే బండి ఆపేయాలి. ఒకరికి కనిపించింది ఇంకొకరికి కనిపించలేదంటే ఇద్దరిలో ఎవరి కళ్లో అబద్ధమాడుతున్నట్టే. ఎవరివో తేలేదాకా చక్రం కదలకూడదు.

దీనికి తోక ఒకటి ఉంది. దారి దాటేవాళ్ల కళ్లలోకి చూడమంటాడు. "నువ్వు చూశావని తెలిస్తేనే వాళ్లు అడుగేస్తారు. చూశాననడమంటే దాటమని మాటిచ్చినట్టే."

ఇంత చక్కటి పాఠంలో ఈ మధ్య చిన్న ఇబ్బంది వచ్చి పడింది. మాస్టారికి కళ్లు కనిపించడం లేదు.

దగ్గరవన్నీ బాగానే కనిపిస్తాయి. చేతి గడియారం, పప్పులో రాయి, భార్య ముఖంలో కోపం. దూరపువే, అందులోనూ పొద్దు వాలాక, నూనె చెయ్యి పెట్టిన అద్దంలోంచి చూసినట్టు ఉంటాయి. ఎదురుగా వచ్చే లైట్లు పువ్వుల్లా విచ్చుకుంటాయి. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. కళ్లు కనిపించని డ్రైవింగు మాస్టారి దగ్గరకి ఎవరొస్తారు, కళ్లు కనిపించని శిష్యులు తప్ప. అందుకని శిష్యుడు ఏం చెప్పినా "చూశాను" అనేవాడు. ఎంత కనిపించకపోతే అంత గట్టిగా అనేవాడు.

ఇదిలా ఉండగా కూతురు ఫోను చేసి, మీ అల్లుణ్ని పంపిస్తున్నాను, కారు నేర్పి పంపు నాన్నా అంది. ఆమెకి నెలలు నిండుతున్నాయి. బిడ్డని ఆసుపత్రి నుంచి సొంత కారులోనే ఇంటికి తీసుకెళ్లాలని పట్టు. కాన్పుకి ఇంకా సమయం ఉందని డాక్టరు చెప్పడంతో అల్లుడు ఇటు వచ్చాడు, మాస్టారి భార్య అటు కూతురి దగ్గరకి వెళ్లింది.

అల్లుడు కాలేజీలో లెక్కలు చెబుతాడు. కారుని కూడా లెక్కలాగే చేస్తాడు, మెట్టు వదలకుండా. మాస్టారికి వచ్చిన చిక్కల్లా తిట్టడానికి లేకపోవడమే. వేరేవాడైతే ఈపాటికి వాడి వంశమంతా వీధిలోకి వచ్చేది. "అల్లుడుగారూ, క్లచ్చు మీంచి తమరి పాదం కొంచెం తీస్తారా" అని అనేసరికి ఆయన గొంతులో ఏదో అడ్డం పడేది. మొత్తానికి లైసెన్సు చేతికొచ్చింది.

ఆ మర్నాడే మధ్యాహ్నం భార్య ఫోను. అమ్మాయికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు. వెంటనే బయల్దేరండి.

బస్సు మర్నాడు పొద్దున గానీ లేదు. స్కూలు కారే దిక్కు. అల్లుడు తాళాలు మామగారి చేతిలో పెట్టబోయాడు. మాస్టారు ఆ తాళాల్ని ఒక్క క్షణం చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మీరే నడపండి. ఇంతకంటే మంచి అభ్యాసం దొరకదు."

"ఇప్పుడు అభ్యాసం ఏమిటి మామయ్యగారూ?"

"పాఠానికి వేళాపాళా ఏముంది. ఎక్కండి."

రాష్ట్రం ఇంత పెద్దది కాకపోతే బాగుండేది. ఈ చివర వాన పడుతుంటే ఆ చివర దుమ్ము లేస్తుంది, మధ్యలో మంచు దిగుతుంది. జిల్లా జిల్లాకీ డ్రైవర్లు కూడా మారిపోతారు. మొదటి జిల్లాలో ఇండికేటరు వెయ్యడం నామోషీ. రెండో జిల్లాలో కుడికి వేసి ఎడమకి తిరుగుతారు. మూడో దాంట్లో ఇంటి దగ్గర ఒకసారి వేస్తే మళ్లీ ఇంటికొచ్చేదాకా తియ్యరు. అల్లుడు ఒక్కోదాన్నీ పేరుపేరునా పైకి చదువుతూ, చినుకుల్లో మెల్లగా, ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపాడు.

"ముందు బస్సు, దారి మధ్యలోనే ఆపాడు, ఆగుతున్నాను."

"చూశాను."

"లోపల ఎవరితోనో కబుర్లు చెబుతున్నాడు."

"అది చెప్పక్కర్లేదండీ."

పొద్దు వాలేసరికి వాన వెలిసింది. ఊళ్లు వెనకబడ్డాయి. రెండు పక్కలా బీడు, దారి వారన నీళ్లు నిలిచిన కాలవ. ఆ నీళ్ల మీదినుంచి మంచు లేచి దారి మీదికి పాకింది. తడిసిన మట్టి, కాలిన రబ్బరు వాసన. వైపర్లు ఆపేశాక కారులో టైర్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. మాస్టారికి ముందు అద్దం అవతల ఒట్టి బూడిద రంగు.

"ఎడమపక్క ఒకావిడ, మామయ్యగారూ. కాలవ అవతల నిలబడింది. తగ్గిస్తున్నాను."

"చూశాను," అన్నాడు మాస్టారు. గట్టిగా.

కారు దాటిపోయింది. మంచు చిక్కబడింది. వెనక నుంచి వచ్చిన లారీ ఒకటి లైట్లు కొట్టి, విసుక్కుని, ముందుకెళ్లిపోయింది. దాని ఎర్ర దీపాలు రెండు పువ్వులై విచ్చుకుని ఆరిపోయాయి.

"ఎడమపక్క ఒకావిడ. కాలవకి ఇటు పక్కన ఉంది."

"చూశాను."

మళ్లీ టైర్ల చప్పుడు. ఈసారి అల్లుడి గొంతు కాస్త ఆలస్యంగా వచ్చింది.

"ఎడమపక్క... తెల్లగీత మీద. ఆవిడే."

"ఏ ఆవిడ?"

"ఇందాకటావిడ. రెండుసార్లు మీరూ చూశారుగా."

మాస్టారు కళ్లు చిట్లించి చూశాడు. చూడలేదని ఇప్పుడెలా అంటాడు? అలాగని ఎప్పటిలా చూశానని ఊరుకోవడానికి ధైర్యం చాలలేదు. ఎన్నడూ లేనిది ఒక ఉపాయం తోచింది.

"చూశాన్లెండి. మీరెంత సరిగ్గా చూస్తున్నారో తెలియాలిగా. ఎలా ఉందో చెప్పండి."

అల్లుడు పరీక్షకి జవాబు చెప్పినట్టే చెప్పాడు. "పెద్దావిడ. బట్టలు తడిసి ఒంటికి అంటుకున్నాయి. చెప్పులు ఒక చేత్తో పట్టుకుంది. రెండో చెయ్యి పైకెత్తుతోంది."

"బండి ఆపమనా?"

"కాదు మామయ్యగారూ. ఎవరైనా దారిస్తే థాంక్సు చెబుతూ ఎత్తుతామే, అలా." వేగం ఇంకా తగ్గించాడు. "మీరు చూశాను అన్నాకే ఎత్తుతోంది."

కారులో గాలి బిగుసుకుంది. మాస్టారి కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లి కూర్చుంది. తను చెప్పిన పాఠం తనకే గుర్తొచ్చింది. చూశాననడమంటే దాటమని మాటిచ్చినట్టే. ఈ దారిలో ఎందరు డ్రైవర్లు ఆవిణ్ని చూడకుండా వెళ్లిపోయారో. ఎన్నాళ్ల నుంచి నిలబడిందో. చూశానన్న మాట కోసమే అయితే... మూడుసార్లు అన్నాడు తను. ఒట్టి పొగరుతో.

"ఫోను చేసి అమ్మాయి ఎలా ఉందో కనుక్కుందామా?" అన్నాడు, ఏదో ఒకటి మాట్లాడాలని. చేసి చూశాడు. సిగ్నలు గీతలు లేవు. ఫోను తెర మాత్రం ఎంచక్కా కనిపిస్తోంది.

"మామయ్యగారూ."

"ఊఁ."

"ముందు..." అల్లుడి గొంతు గుసగుసలోకి దిగింది. "దారి మధ్యలో ఉంది. అడుగు తీసి వేయబోతూ ఆగింది. చెయ్యి ఎత్తే ఉంది. మీకేసి చూస్తోంది. చూశారా?"

మాస్టారి నాలుక చివరిదాకా మాట వచ్చేసింది. ఇన్నేళ్ల అలవాటు. "చూ..."

కాలు తొక్కింది. కారు ఊగి ఆగింది.

"లేదు," అన్నాడు మాస్టారు. "లేదు బాబూ. నాకేమీ కనిపించలేదు. ఇందాకటి నుంచీ ఏదీ కనిపించలేదు. బస్సు కూడా కనిపించలేదు. ఎన్నో నెలలైంది."

మీరు కాస్తా బాబూ అయిపోయిన సంగతి ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. ఇంజను సన్నగా వణుకుతోంది. అల్లుడు స్టీరింగు వదల్లేదు.

"చెయ్యి దించేసింది," అన్నాడు మెల్లగా.

"వెళ్లిపోయిందా?"

"లేదు. మన దగ్గరకొస్తోంది."

"ఏ వైపు?"

"మీ వైపు."

మాస్టారు తల తిప్పలేదు. తిప్పనని కూర్చున్నాడు. మెడ వినలేదు. పక్క కిటికీ అద్దం ముఖానికి జానెడు దూరంలో ఉంది. జానెడు దూరంలో ఉన్నవి ఆయనకి శుభ్రంగా కనిపిస్తాయి. అద్దం అవతల ఎవరూ లేరు. కానీ అద్దం బయటివైపు, ఆయన కళ్లకి సరిగ్గా ఎదురుగా, ఆవిరి మచ్చ ఒకటి పడింది. చిన్నదైంది. మళ్లీ పెద్దదైంది. చిన్నదైంది...

ఊపిరి.

తర్వాత అది లేదు.

వెనక తలుపు మెల్లగా, తాళం వేసి ఉన్న తలుపే, టక్కుమంది. కారులో పైదీపం వెలిగింది. ఆరింది. తడిబట్టల వాసన ముందు సీట్ల మధ్యలోంచి వచ్చి ఇద్దరి మెడల మీదా వాలింది.

అల్లుడు మంచి శిష్యుడు. బండి కదిలించే ముందు ఏం చెయ్యాలో మర్చిపోలేదు. పెదాలు మాత్రమే కదిపి అడిగాడు.

"అద్దంలో వెనక్కి చూడమంటారా, మామయ్యా?"

ఇన్నేళ్ల వృత్తిలో మాస్టారు ఎవరికీ చెప్పని మాట చెప్పాడు.

"వద్దు. అద్దం చూడకుండా పోనీ."

పోయారు. అల్లుడు ఇక ఏదీ పైకి చెప్పలేదు. మాస్టారు ఏదీ చూశాననలేదు. మంచు ఎక్కడ అయిపోయిందో, ఊరు ఎక్కడ మొదలైందో ఆయనకి తెలియదు. ఆసుపత్రి ముందు కారు ఆగాక ఇద్దరూ చెరో తలుపూ తీసుకుని దిగి, వెనక్కి తిరగకుండా, పరుగు కాకుండా, పరుగు లాంటి నడకతో మెట్లెక్కారు.

పైన నడవాలో మాస్టారి భార్య ఎదురొచ్చింది. ముఖం వాడిపోయి ఉంది గానీ నవ్వుతోంది. "ఆడపిల్లండీ. ఇద్దరూ బాగున్నారు. చివరి నిమిషంలో బిడ్డ తనంతట తనే సర్దుకుందట, డాక్టరే ఆశ్చర్యపోయింది. ఏమిటి మీ ఇద్దరి ముఖాలూ అలా ఉన్నాయి? దారిలో పోట్లాడుకున్నారా?"

"లేదత్తయ్యగారూ," అన్నాడు అల్లుడు. గదిలోకి వెళ్లి మంచం పట్టె మీద కూలబడి భార్య చెయ్యి పట్టుకున్నాడు. మాస్టారు ఉయ్యాల మీదికి వంగాడు. పాప జానెడు దూరంలో ఉంది. కళ్లు, ముక్కు, మడతపడ్డ చెవి, అన్నీ స్పష్టంగా కనిపించాయి. ఆయన కళ్లు తడిశాయి. అమ్మాయికి ఇప్పుడే చెప్పేయాలి, అనుకున్నాడు. రేపే కళ్లకి ఆపరేషను చేయించుకోవాలి.

"నాన్నా," అంది కూతురు నీరసంగా. "నీకు కళ్లు కనిపించడం లేదట కదా. నాకెందుకు చెప్పలేదు?"

మాస్టారు అల్లుడి వైపు చూశాడు. అల్లుడు తల అడ్డంగా ఊపాడు.

"ఎవరు చెప్పారమ్మా?"

"మీతో కారులో వచ్చినావిడే. మీకంటే ముందు పైకొచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని, అదిగో అక్కడ నిలబడింది. అమ్మ అప్పుడే బయటకెళ్లింది. ఎవరండీ అంటే, మీ నాన్న నాకు దారిచ్చాడు అంది. పాపని చాలాసేపు చూసింది." కూతురు కళ్లు మూతలు పడుతున్నాయి. "మంచావిడే నాన్నా. ఇంటికి వెళ్లేటప్పుడు వెనక సీట్లో పాపకి తన పక్కనే చోటు ఉంచుతానంది..."

తలుపు దగ్గర, ఆమె చూపించిన చోట, గచ్చు తడిగా ఉంది.

మాస్టారు కిటికీ దగ్గరకి నడిచాడు. అల్లుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. కింద ఆసుపత్రి ఆవరణంతా ఆయనకి ఎప్పటిలాగే కరిగిన రంగులు. దీపాలు పువ్వులు. బళ్లు మచ్చలు. మనుషులు అసలు లేరు.

స్కూలు కారు ఒక్కటే, గీత గీసినట్టు, స్పష్టంగా ఉంది. వెనక అద్దం. దాని మీద నీటిబొట్లు. దాని వెనక తలెత్తి పైకి చూస్తున్న ముఖం.

"కారులో ఎవరైనా ఉన్నారా, మామయ్యా?" అల్లుడు గుసగుసగా అడిగాడు. "నాకు ఎవరూ కనిపించడం లేదు. మీరు చూశారా?"

నెలల తరబడి చూడనివన్నీ చూశానన్న మనిషి, మొదటిసారి నిజంగా చూసి, "లేదు" అన్నాడు.

కింద, కారులో, ఎత్తిన చెయ్యి ఈసారి మాత్రం దిగలేదు.