అందాల అధ్యక్షుడు

"దీన్ని రాసిన మహానుభావుడెవరు?"

తలుపు తోసుకుని లోపలికి వచ్చిన అమ్మాయి కోటు నిండా నూనె మరకలు. చేతిలో మా పేపరు. టైప్‌రైటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మేమంతా కూడబలుక్కున్నట్టు డెస్మండ్ వైపు చూశాం. స్నేహితులుండేది అందుకే కదా!

"నేనేనండీ," అన్నాడు డెస్మండ్ లేచి నిలబడి.

"నన్నెప్పుడు చూశారు?"

"చూడలేదు. మా రిపోర్టర్ రేవు నుంచి ఫోన్లో చెప్తే, నేనిక్కడ టైపు చేశాను."

"మరి ఈ 'అందాల భామ' ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఫోన్లో కనబడిందా?"

డెస్మండ్ చెవులు ఎర్రబడ్డాయి. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు? ఆ రోజుల్లో మా అమెరికా రేవుపట్నం డులూత్‌లోనే కాదు, ఏ ఊరి పేపర్లోనైనా ఆడమనిషి పేరు వస్తే ముందు 'అందాల' పడాల్సిందే. బ్యాంకు దోచినా అందాల భామే, మెట్ల మీంచి జారిపడినా అందాల భామే. ఆ మాట చేతివేళ్ళే టైపు చేసేవి, బుర్రతో పనుండేది కాదు.

వచ్చినమ్మాయి సైమి లాటినెన్. తండ్రి కాలు విరిగి మంచాన ఉంటే, మొన్నటి తుఫానులో ఓడల్ని లాగే ఆయన టగ్గు పడవని తనే నడిపి, ఇసుకదిబ్బకి కొట్టుకున్న ఓడలోంచి నావికుల్ని ఒడ్డుకి చేర్చింది.

"రేవులో పడవలు నడిపే పైలట్ లైసెన్సుకి వెళ్ళానండీ," అంది. "రేవు బోర్డు అధ్యక్షుడు థార్న్‌బరీ గారు మీ వార్త చదివి పకపకా నవ్వారు. 'అందాల పోటీకి వెళ్ళమ్మా, నీకు పరీక్షెందుకు?' అన్నారు. లైసెన్సు రాకపోతే మా టగ్గు అమ్ముకోవాలి. మీ ఒక్క మాటకి!"

పేపరు అతని బల్ల మీద పడేసింది. డెస్మండ్ కోటు అందుకున్నాడు.

"నన్ను మీ టగ్గు ఎక్కించుకోండి. ఈసారి చూసి రాస్తాను."

"వాంతులవుతాయి."

"అవనివ్వండి."

అన్నట్టే అయ్యాయి. సముద్రమంత సరస్సు మీద వాన, గాలి. డెస్మండ్ కమ్మీ పట్టుకుని వేలాడుతూనే ప్రశ్నలడిగాడు. సైమి చక్రం తిప్పుతూనే ఆ రాత్రి అలల్ని ఎలా దాటిందో, తాడు ఎలా అందించిందో చెప్పింది. మధ్యలో వేడి కాఫీ అతని చేతిలో పెట్టింది.

"ఏంటలా చూస్తున్నారు?"

"డ్యూటీ చేస్తున్నానండీ."

"ఆ డ్యూటీ కాస్త నీళ్ళవైపు చెయ్యండి," అంది గానీ, నవ్వు దాచుకోలేకపోయింది.

అతను రాసుకొచ్చిన వార్త చూసి మా ఎడిటర్ గ్రోగన్ పెన్సిలు విసిరేశాడు. "మొదటి పేరాలో 'అందాల' ఏదోయ్? అది లేకుండా నా పేపర్లో వెయ్యను!"

"పెడతాను సార్," అన్నాడు డెస్మండ్ బుద్ధిమంతుడిలా. పెట్టాడు కూడా.

'నీలికళ్ళు, నాజూకు నడుముతో బూడిదరంగు సూటులో మెరిసిపోతున్న అందాల అధ్యక్షుడు హొరేస్ థార్న్‌బరీ, సైమి లాటినెన్‌కి పరీక్ష పెట్టేది లేదని నిన్న ముద్దుముద్దుగా చెప్పారు.'

ఆ కింద తుఫానులో సైమి చేసిందంతా ఉంది. ఆమె రూపం గురించి ఒక్క ముక్క లేదు. గ్రోగన్ నవ్విన నవ్వుకి నోట్లో చుట్ట కిందపడింది. వేసేశాడు.

మర్నాడు రేవంతా థార్న్‌బరీ గారిని చూసి ఈలలే ఈలలు. మధ్యాహ్నానికి ఆయన మా ఆఫీసు మీద విరుచుకుపడ్డాడు. "నా పని చూసి రాయండయ్యా! నా నడుముతో మీకేం పని?"

"ఆ అమ్మాయి అడుగుతున్నదీ అదేనండీ," అన్నాడు డెస్మండ్ మెల్లగా.

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. చెడ్డవాడేం కాదు లెండి. ఆ వారమే పరీక్ష పెట్టాడు, తనే పక్కన నిలబడి చూశాడు, తనే లైసెన్సు మీద సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం సైమి టగ్గు, ఓడలొస్తే పైకి లేచే ఎత్తుడు వంతెన కిందికి వస్తూ హారన్ మోగించింది. వంతెన మీది హారన్ బదులు పలికింది. మామూలుగా పెద్ద ఓడలకి దక్కే మర్యాద అది! రేవులో జనం టోపీలు ఎగరేశారు. మేం గొంతులు పోయేలా అరిచాం.

సైమి ఒడ్డుకి దూకి నేరుగా డెస్మండ్ దగ్గరికి వచ్చింది. "ఏం రాస్తారు రేపు?"

"పైలట్ సైమి లాటినెన్ అని."

"అంతేనా?"

"పేపర్లో అంతే."

"పేపర్లో కాకుండా?"

డెస్మండ్ నోటుబుక్కు జేబులో పెట్టేశాడు. "చాలా అందంగా ఉన్నావు సైమీ. ఇది కళ్ళారా చూసి చెప్తున్న మాట. నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

"చేసుకుంటాను. ఈ మాట మాత్రం రోజూ చెప్పాలి, రోజూ చూసే చెప్పాలి!"

టగ్గు మీంచి కర్ర ఊతంతో వంగి చూస్తున్న తండ్రి అరిచాడు. "వాంతులు తగ్గాయా అబ్బాయికి? తగ్గితే నాకే అభ్యంతరమూ లేదు!"

వసంతంలో పెళ్ళయింది. ఆ వార్త నాకే అప్పగించారు. 'పైలట్ సైమి లాటినెన్‌కి అందాల వరుడు డెస్మండ్ క్విగ్లీతో నిన్న వివాహం జరిగింది. తెల్ల సూటులో సిగ్గుపడుతూ పెళ్ళికొడుకు మెరిసిపోయాడు' అని రాశాను.

గ్రోగన్ ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యలేదు.