అయిదో సేరు

"నీ దోస్తుల్లో ఒకడు దేశాన్ని అమ్ముతాండాడు. ఎవడో కనుక్కో," అన్నాడు దాసన్న, కంటికి భూతద్దం బిగించుకుని ఒక గడియారం విప్పుతూ.

కర్నూలులో కొండారెడ్డి బురుజు వెనక సందులో ఉంది ఆ వాచీల రిపేరు షాపు. పదకొండేళ్లలో అక్కడ బాగుపడిన వాచీ ఒక్కటీ లేదు. ఎట్లా ఉంటుంది? దాసన్నకు ఆ పనే రాదు. ఆయన రహస్య నిఘా విభాగానికి సీమ చీఫ్. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న ముప్పై రెండేళ్లవాడు ఏజెంట్ ఉరుకుందు. ఆలూరు దగ్గర పల్లెలో పుట్టాడు. లోకానికి మాత్రం విత్తనాల కంపెనీ సేల్స్ మనిషి.

అది 2005 మే నెల. షాపులో ఫ్యాను తిరుగుతోంది గాని గాలి లేదు.

"ఆపరేషన్ వడగాలి," అన్నాడు దాసన్న. "కొండమీది రాడార్ స్టేషన్ డిజైన్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కినాయి. విదేశీ ముఠా మనిషి టూరిస్టు వేషంలో దిగినాడు. ఎల్లుండి మధ్యాహ్నం గండికోటలో చేతులు మారుతుంది. తెచ్చేవాడు మీ బండిలోనే ఉంటాడు."

"మా బండిలోనా? సార్, అది ఎండాకాలం సరదాగా కొండలూర్లు తిరిగే ట్రిప్పు. నెల కిందట లీవు పెట్టి దోస్తులను పిలుచుకోమని మీరే గదా చెప్పినారు?"

దాసన్న సొరుగు లాగాడు. ఒక వాచీ తీసి ఉరుకుందు చేతికి కట్టాడు. "ఇది ట్రాన్స్‌మిటర్. టైం మాత్రం చూపీదు. కోడ్ మాట: బనగానపల్లె మామిడి ఇంకా పండలేదు. మనవాళ్ళయితే 'ఎండకే రాలిపాయ' అంటారు. కోట గోడమీద షూటర్ ఏసన్న ఉంటాడు. సరుకు చేతులు మారిందా, ఇచ్చినోడు, తీసుకున్నోడు ఇద్దరూ ఆన్నే పడిపోతారు. మారకముందే నువ్వు ఆపితే నెత్తిన చెయ్యి పెట్టుకో. ఏసన్న కాల్చడు. నీ దోస్తు జైల్లోనన్నా బతుకుతాడు."

ఆ ట్రిప్పులో దోస్తులు ఇద్దరే. వాళ్లలో ఒకడు వాసుదేవ్.

కోయిలకుంట్ల ధాన్యం వ్యాపారుల బిడ్డ వాసుదేవ్. హాస్టల్లో మూడేళ్లు వీళ్లిద్దరిదీ ఒకే గది. ఇంటినుంచి వచ్చిన బియ్యం ఇద్దరికీ కలిపి వండేవాడు. ఒకసారి ఉరుకుందు బియ్యం కొలుస్తూ "ఒకటి" అంటే చేతిమీద ఒక్కటిచ్చాడు. "లేయ్! మొదటి కొలతకు ఒకటి అనగూడదు. లాభం అనల్ల. లాభం, రెండు, మూడు. మా ఇంట్లో కుక్కకు గూడా తెలుసు." రాడార్ స్టేషన్లో కంప్యూటర్లు చూసేది ఆ వాసుదేవే.

'వాడు కాకూడదు దేవుడా. ఎవరైనా సరే, వాడు కాకూడదు,' అనుకుంటూ మెట్లు దిగాడు ఉరుకుందు.

మర్నాడు తెల్లవారి సుమో బయలుదేరింది. స్టీరింగ్ దగ్గర రెండో దోస్తు గోపీనాథ్. కమలాపురంలో లెక్చరర్, అతని సంచి నిండా కారం బొరుగులే. వెనక సీట్లో వాసుదేవ్, పక్కన అతను పెళ్లాడబోయే అమ్మాయి శ్రీవాసవి. నల్ల కళ్లద్దాలు, మల్లెపూల రంగు చుడీదారు. ఆమె దిగితే టీ కొట్లలో గ్లాసులు గాల్లోనే ఆగిపోతున్నాయి.

"కడప పిల్లప్పా," అన్నాడు వాసుదేవ్ మురిసిపోతూ. "వాళ్ళ నాయనది గింజల మండీ. మూటలమీదే పెరిగినాది."

ఆ రోజంతా అహోబిలం కొండలు ఎక్కారు, దిగారు. వాగుల్లో చుక్క నీరు లేదు. కొండ పైన నిలబడితే ఎర్రటి నేల, ఎండిన చెట్లు, అంతే. గోపీనాథ్ జోకులేశాడు, అందరూ నవ్వారు. ఉరుకుందు కూడా నవ్వుతూనే అందరి సంచులూ వెతికాడు. గోపీనాథ్ సంచిలో బొరుగులు, శ్రీవాసవి సంచిలో మూడు పేర్లతో మూడు ఐడీ కార్డులు దొరికాయి. వాసుదేవ్ సంచిలో ఏమీ లేదు.

ఉరుకుందుకు ప్రాణం లేచొచ్చింది. 'ఈ పిల్లే! వాసుగాడిని పిచ్చోణ్ణి చేసి ఆడిస్తాండాది. వాడికేమీ తెల్దు.' ఆశ అంటే అదే మరి. పాము ఎదురుగా కనబడినా, అది తాడేనని ఒట్టేస్తుంది.

రెండో రోజు పొద్దున కోయిలకుంట్లలో ఆగారు. దుకాణంలో వాసుదేవ్ తల్లి రాజ్యలక్ష్మమ్మ కూర్చుని ఉంది.

"ఏమప్పా ఉరుకుందూ, శానా చిక్కిపోయినావే! యాడ తింటాండావు, ఏం తింటాండావు?" అని బుగ్గలు పట్టుకుంది. ఆ తర్వాత కోడలు కాబోయే పిల్లను ఎగాదిగా చూసుకుని మురిసిపోయింది. "దోవలోకి శెనక్కాయలు తీస్కపోండి. వేయించినేటివి. పాపా, నీ చేత్తో కొలువు, మంచిది."

వాసుదేవ్ గుడ్డసంచి పట్టుకున్నాడు. పట్టేముందు లోపలికి చెయ్యి పెట్టి అడుగు సవరించాడు. చిల్లు ఉందేమో చూస్తున్నాడని ఉరుకుందు అనుకున్నాడు. శ్రీవాసవి ఇత్తడి సేరు ముంచి సంచిలో పోసింది.

"ఒకటి..."

దుకాణంలో మూటలు కుట్టే మనిషి సూది ఆపేశాడు. రాజ్యలక్ష్మమ్మ చెయ్యి గుండెమీదికి పోయింది. "అయ్యో, ఒకటి కాదు తల్లీ! లాభం అనల్ల. మీ నాయన చెప్పలేదా?"

"సారీ ఆంటీ," అంది శ్రీవాసవి. మండీలో మూటలమీద పెరిగిన పిల్ల!

ఉరుకుందు వాసుదేవ్ వైపు చూశాడు. 'అను రా. ఏందే, నువ్వు మండీలో పెరగలేదా, అని అడుగు. ఆశ్చర్యపో. కోప్పడు. హాస్టల్లో నా చెయ్యి వాచేట్లు కొట్టినోడివి, ఒక్కమాట అను.'

వాసుదేవ్ గోడమీది క్యాలెండరు చూస్తూ ఉన్నాడు. మెడమీద చెమట కారుతోంది. ఆమె మండీ పిల్ల కాదని వాడికి కొత్తగా తెలియలేదు. ముందే తెలుసు.

ఉరుకుందుకు ఏడుపొచ్చింది. దుమ్ము పడిందని కళ్లు తుడుచుకున్నాడు. సంచిలోకి మొత్తం అయిదు సేర్లు పోశారు. "కొలుచుకుని తింటాములే అమ్మా," అని వాసుదేవ్ ఆ సేరు కూడా వెంట తీసుకున్నాడు.

గండికోట చేరేసరికి మధ్యాహ్నం. పెన్నా లోయలో సన్నటి నీటి చార. రాళ్లు కాలిపోతున్నాయి. "నేను బండిలో పండుకుంటాప్పా, రాజులు కట్టినేటివి యాడికీ పోవు," అని గోపీనాథ్ సీటు వెనక్కి వాల్చాడు. వాసుదేవ్ సంచి భుజాన వేసుకుని శ్రీవాసవితో కోటలోని పాత ధాన్యాగారం వైపు నడిచాడు. ఉరుకుందు తలకు తువ్వాలు చుట్టుకుని, గొర్రెలకాపరిలా కర్ర పట్టుకుని దాని ఎదుటి మొండిగోడ మీదికి పాకాడు.

తెరిచిన తలుపులోంచి చూస్తే, ధాన్యాగారం లోపల కెమెరా వేసుకున్న తెల్లతోలు టూరిస్టు, వాడి డ్రైవరు ఉన్నారు. టూరిస్టు ఖాళీ సంచి తెరిచి పట్టుకున్నాడు. కొలిచి పొయ్యడమే వాళ్ల గుర్తు. ఎవరైనా చూసినా శెనక్కాయల బేరమే అనుకుంటారు.

వాసుదేవ్ సేరు ముంచాడు. "లాభం..."

దేశాన్ని అమ్మేటప్పుడు కూడా వాడి నోటికి 'ఒకటి' రాలేదు.

"రెండు..."

సంచి అడుగున వాడు చేత్తో సవరించింది ఏమిటో ఉరుకుందుకు అప్పుడు వెలిగింది. పెన్‌డ్రైవ్ అడుగున ఉంది. అంటే చివరి సేరుతోనే బయటికొస్తుంది. దుకాణంలో పోసింది అయిదు. అవతల కోట గోడమీద ఏసన్న తుపాకీ మొన మెరుస్తోంది.

"మూడు..." ఉరుకుందు గోడ దిగాడు. "నాలుగు..." పరుగెత్తాడు. నలభై అడుగులు.

"అయి..."

కర్ర గాల్లో తిరిగి సేరుకు తగిలింది. శెనక్కాయలు నేలంతా చిమ్ముకున్నాయి. వాటి మధ్య నల్లటి పెన్‌డ్రైవ్ పడింది. ఉరుకుందు దానిమీద కాలు వేసి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని అరిచాడు, "కాల్చాకు ఏసన్నా! మారలేదు! ఇంకా మారలేదు!"

టూరిస్టు జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. అంతలో వాడి చెవి పక్కకు చిన్న పిస్టల్ వచ్చి ఆనింది. పట్టుకున్నది శ్రీవాసవి.

"బనగానపల్లె మామిడి ఇంకా పండలేదు," అందామె చల్లగా.

ఉరుకుందు నోరు తెరిచాడు. "ఎండకే... రాలిపాయ. నువ్వు మా మనిషివా?"

"రెండు నెలల నుంచి. అంతకుముందు వీళ్ల మనిషిని. వాసుని ఈ పనిలోకి దింపింది నేనే. తర్వాత దాసన్నకు చెప్పిందీ నేనే."

"మరి నన్నెందుకు పంపించినారు?"

"నువ్వు పిలిస్తే తప్ప వాసు స్టేషన్ దాటి రాడు. సరుకుతో బయట దొరికితేనే సాక్ష్యం. నేను ఎంత పిలిచినా రాలేదు."

ఉరుకుందు శెనక్కాయల మధ్య కూలబడ్డాడు. ఎదురుగా వాసుదేవ్ కూడా కూర్చున్నాడు, హాస్టల్ గదిలో తినడానికి కూర్చున్నట్టే.

"ఎందుకురా?"

"తొమ్మిదేండ్లు టెంపరరీ ఉద్యోగం రా. స్టేషన్లో ఒక్క ఆఫీసరుకూ నా పేరు తెల్దు, 'ఏయ్ కంప్యూటర్' అంటారు. ఈమె వాసూ అని పిలిచె. అంతే." వాసుదేవ్ శ్రీవాసవి వైపు చూశాడు. "నీ అసలు పేరేంది?"

ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది.

సాయంత్రానికి పోలీసు జీపు వచ్చింది. టూరిస్టునూ, డ్రైవరునూ, వాసుదేవ్‌నూ బేడీలు వేసి వెనక కూర్చోబెట్టారు. గోపీనాథ్ సుమోలో ఇంకా గురక పెడుతూనే ఉన్నాడు. వాచీలోంచి దాసన్న గొంతు వచ్చింది.

"శభాష్! దేశం నిన్ను మర్చిపోదు. ఎంతమంది దొరికినారో లెక్కపెట్టి చెప్పు."

ఉరుకుందు జీపులోకి వేలు చూపించాడు. "ఒకటి..."

వాసుదేవ్ చప్పున తల ఎత్తాడు. బేడీల చేతులు తమంతట తామే లేచాయి. "లేయ్, ఒకటి అనగూడదు. లాభం అనల్ల."

"ఎవురికి రా?" అన్నాడు ఉరుకుందు.

జీపు కదిలింది. దుమ్ము లేచి కోట వాకిలి కనబడకుండా పోయింది. వాచీలో దాసన్న ఇంకా ఎదురు చూస్తూనే ఉన్నాడు.

"హలో... ఒకటి అన్నావు. తర్వాత ఎంతప్పా?"