నాలుగో ముడి

తనను పెళ్లి వీడియోలు తీసేవాడని ఎవరైనా అంటే ఓంకార్‌కు ఒళ్లు మండేది. తాను తీసేది సినిమా అట. జంట మనసుల్లోకి దిగి తీస్తాడట. ఆ దిగడమేమిటో చూసినవాళ్లకు తెలుసు. పెళ్లికొడుకుకి మాటలు రాసిచ్చి చెప్పించడం, పెళ్లికూతురికి ఏడవమని సైగ చేయడం. మాదాపూర్‌లో ఇరుకు గది, కిటికీకి నల్ల తెరలు, గోడ మీద తన ఫొటోనే. తన ముందు కూర్చునే ప్రతి కుటుంబమూ వాడి దృష్టిలో అభిరుచి లేని మంద.

శివశంకర్, మౌనికల పెళ్లి కొండాపూర్ ఫంక్షన్ హాల్లో పట్టపగలే జరిగింది. శివశంకర్‌కు ఇది రెండో పెళ్లి. మొదటి భార్య భవాని జబ్బుచేసి దవాఖానలో పోయింది. భవాని వాళ్లదీ, వీళ్లదీ కడప వైపు. అలా పోయినామె పేర చిన్న వెండి బిళ్ళ చేయించి, కొత్త కోడలి మెడలో ముందు దాన్ని కట్టాకే తాళి కట్టిస్తారు. అంతా సవ్యంగా అయిపోయింది. కానీ ఓంకార్‌కు దగ్గరి షాట్ నచ్చలేదు. ముళ్లు మళ్లీ వేయమన్నాడు.

“ఈ బిళ్ళ ఏంది? ఫ్రేమంతా ఖరాబ్ చేస్తున్నది. జర తీసేయండి.”

పెళ్లికొడుకు తల్లి శారదమ్మ అడ్డొచ్చింది. “అది తీసేది కాదు నాయనా. మా పెద్దకోడలు భవాని. ఆమెకు చోటియ్యకుంటే ఊరుకోదు.”

“మీ ఊరి ముచ్చట్లు నా సినిమాల వద్దమ్మా,” అని నవ్వాడు ఓంకార్.

శివశంకర్ తల వంచుకుని, తనే బిళ్ళ విప్పేశాడు. ఎంత పిరికి మనిషి! పైగా ఓంకార్ రాసిచ్చిన మాట కూడా అప్పజెప్పాడు. “నా జీవితంలోకి వచ్చిన మొదటి ఆడమనిషివి నువ్వే.” అని, మళ్లీ మూడు ముళ్లు వేశాడు. “సూపర్,” అన్నాడు ఓంకార్.

నాలుగు రోజులకు ఆ ముక్కను అందంగా కత్తిరించి, సంగీతం పెట్టి, పెళ్లివారి వాట్సాప్ గ్రూపులో పంపాడు. పొగడ్తల కోసం కాసేపు ఎదురుచూసి, మిగతా సినిమా పనిలో పడ్డాడు.

బయట ఎండ మండుతోంది. తెరల వెనక గది మాత్రం చీకటి. ఏసీ సన్నగా మూలుగుతోంది. ఎక్కడిదో తడి పసుపు వాసన... దాని కింద దవాఖాన వాసన.

అదే షాట్ మరోసారి పెట్టాడు. శివశంకర్ మూడో ముడి వేసి చేతులు తీసేశాడు. మెడ దగ్గరికి వేరే చేతులు వచ్చాయి. సన్నటి వేళ్లు. నీలం తిరిగిన గోళ్లు. చేతి వెనక, సూది గుచ్చిన చోట, ప్లాస్టర్ ముక్క.

ఆ చేతులు నాలుగో ముడి వేశాయి.

ఓంకార్ షాట్‌ను వెనక్కి తిప్పి చూశాడు. ఈసారి ఐదు.

ఫోన్ మోగింది. మౌనిక.

“ఓంకార్ గారూ...” గుసగుస. “తాడు బిగుసుకుంటోంది. అత్తయ్య బిళ్ళ మళ్లీ కట్టింది. నిలవట్లేదు, జారి పడిపోతోంది.”

ఓంకార్ మౌస్ వదిలేశాడు. తను చూసిన ప్రతిసారీ ఒక ముడి...

“నేను ఆపేసిన! ఇగ చూడ! ఎట్లుంది ఇప్పుడు?”

“ఇంకా బిగుస్తోంది... ఇంట్లో, ముందు హాల్లో చుట్టాలంతా టీవీలో పెట్టుకుని చూస్తున్నారు. నచ్చిందట. మళ్లీ మళ్లీ...”

“ఆపమనండి! టీవీ ఆపమనండి మౌనికా!”

“గదిలోంచి పిలుస్తున్నాను... గొంతు రావట్లేదు...”

ఓంకార్ గ్రూపులోంచి వీడియో తీసేశాడు. ఏం లాభం? అప్పటికే అందరి ఫోన్లలోకీ దిగిపోయింది. ఫోన్‌లోంచి తను పెట్టిన సన్నాయి వినిపిస్తోంది. అయిపోయింది. చప్పట్లు. ఎవరో పెద్దాయన, “ఇంకొకసారి పెట్టండ్రా,” అన్నాడు.

మళ్లీ సన్నాయి. మౌనిక ఊపిరి ఒక్కసారి ఎగదన్ని... ఆగింది.

“మౌనికా? మౌనికా!”

సన్నాయి పూర్తయింది. తర్వాత, ఫోన్‌కు బాగా దగ్గరగా, ఓంకార్ ఎన్నడూ వినని గొంతు. నెమ్మదిగా, మర్యాదగా, కడప యాసలో.

“మౌనిక పాప పండుకుండాది నాయనా. నువ్వు చెప్పు... నీ సినిమాలో నేను యాడ నిలబడాల?”