మెర్డెకా మొక్కు

“జుట్టు ముడేసుకో బావా. మగ్గంలో ఇరుక్కుందంటే కొండకు పొయ్యే బస్సు చార్జీ మిగుల్తాది!”

పంకజాక్షి నాతో అన్న మొదటి మాట అది. నగరిలో వాళ్ల నాయన మునిరామయ్య పవర్‌లూమ్ షెడ్డులో నేను ఫిట్టరుగా చేరిన రోజు. మునిరామయ్య నాకు వరసకు మామ. కాబట్టి ఆమెకు నన్ను ఆటపట్టించే హక్కుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

“ఇది స్టైలు కాదు. మొక్కు జుట్టు.”

“దేనికి మొక్కు? ఉద్యోగానికా, పెండ్లికా?”

“మెర్డెకాకి.”

“ఎవురామె? రైల్వే క్వార్టర్స్‌లో ఉండే దొరసాని పిల్లా?”

“ఫుట్‌బాల్ కప్పు! మలేషియాలో ఆడతారు. ఆసియా దేశాల టీములొస్తాయి. మన ఇండియా గెలిస్తే తలనీలాలిస్తానని అలిపిరిలో మొక్కుకున్నా. అంతదాకా కత్తెర తగలనియ్యను.”

ఆమె భుజాలు దాటిన నా జుట్టును ఎగాదిగా చూసింది.

“మనోళ్లు బాగా ఆడతారా?”

“డెబ్బైలో థర్డ్ వచ్చినారు.”

“ఆ తర్వాత?”

నేను స్పానరు తీసుకుని మగ్గం కిందికి దూరాను.

ఆ తర్వాత ఏముంది, నా ఖర్మ! ఒక ఏడు బర్మావాళ్లు, ఒక ఏడు కొరియావాళ్లు, ఇంకో ఏడు ఆ మలేషియావాళ్లే కప్పు ఎగరేసుకుపోయారు. మనవాళ్ల సంగతి పేపర్లో అడుగున, సబ్బు ప్రకటన పక్కన, రెండు ముక్కల్లో ఉండేది. ఆ రెండు ముక్కలు చదివిన రోజు నాకు అన్నం దిగేది కాదు. చిత్తూరు గ్రౌండులో గోల్‌కీపరుగా మోకాళ్లు కొట్టుకుపోయేలా ఆడినవాణ్ని. అంతకు మించి పైకి రాలేకపోయాను. నా బదులు ఇంకెవరైనా గెలిస్తే చాలనుకున్నాను, అదీ లేదు.

పంకజాక్షి నాకంటే ముందే పేపరు చదవడం మొదలుపెట్టింది. మనవాళ్లు ఓడిపోతే దాన్ని మడిచి నూలు గంపలో దాచేసేది.

“ఈ పొద్దు పేపరు రాలేదు బావా,” అనేది.

వచ్చిందని ఇద్దరికీ తెలుసు. ఆమె నన్ను చూసే చూపులో జాలి ఉండేది. జాలి కాక ఇంకేదో కూడా ఉండేది. దానికోసం నేను రోజూ చెడిపోని మగ్గాలు కూడా విప్పి బిగించేవాణ్ని.

ఒక వానరోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

“నాయనతో మాట్లాడు బావా. కరెంటు వచ్చేలోపల మాట్లాడు. తర్వాత ఏం చెప్పినా ఈ రొదలో ఎవురికీ ఇనపడదు.”

ధైర్యం చేసి వెళ్లాను. మామ అంతా విన్నాడు. కాదనలేదు. నా జుట్టు వంక వేలు చూపించాడు.

“ముందు మొక్కు తీర్చుకో. మొక్కు నిలబెట్టుకోని తల మీద అక్షింతలెయ్యకూడదురా. మా చెల్లెలి పెండ్లికి అట్లనే చేసినాం. తాళి కట్టే పూట షెడ్డు కాలిపోయినాది. ఏడుకొండలోడితో ఆటలొద్దు.”

“ఇండియా గెలవాల కదా మామా!”

“అయితే గెలవమను.”

గెలవమంటే గెలుస్తారా? ఇంకో ఏడు గడిచింది. ఇంకొకటి. జుట్టు నడుం దాకా వచ్చింది. టీకొట్టు దగ్గర కొత్తవాళ్లు నన్ను వెనకనుంచి ‘అమ్మా, జరుగు’ అనేవాళ్లు. పంకజాక్షి ఈడు పిల్లలందరికీ పెళ్లిళ్లయిపోయాయి. ఆమె నవ్వడం తగ్గించింది.

ఆ ఏడు మెర్డెకా ఇంకా నడుస్తుండగానే వచ్చి చెప్పింది.

“సూళ్లూరుపేట సంబంధం. రాకెట్టు ఆఫీసులో గుమాస్తా అంట. శుక్రారం తాంబూలాలు.”

“ఇంకో రెండు మ్యాచులుండాయి పంకజా.”

“మ్యాచులు! కొండకు పోయి ఇచ్చెయ్ బావా ఆ జుట్టు. గెలిస్తే ఏమి, గెలవకపోతే ఏమి?”

“గెలవకుండా ఇచ్చేస్తే... మనోళ్లు ఇంక గెలవరని దేవుడికి నేనే చెప్పినట్టు కదా.”

“నాకంటే వాళ్లే ఎక్కువా?”

వెంటనే కాదనాలి. నోరు పెగల్లేదు, దరిద్రపు నోరు. ఆమె పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

గురువారం పేపరు నూలు గంపలో లేదు. నా పనిబల్ల మీదే, అందరికీ కనపడేట్టు పరిచి ఉంది. మనవాళ్లు ఓడిపోయారు. ఇక దాచిపెట్టేంత ప్రేమ కూడా ఆమెకు నామీద మిగల్లేదన్నమాట. ఆ రోజు నాకు రెండూ పోయాయి. చచ్చిపోతే బాగుండుననిపించింది, నిజంగానే.

స్పానరు అక్కడే పడేసి తిరుపతి బస్సెక్కాను. అలిపిరి నుంచి తడుస్తూ నడిచాను. కల్యాణకట్టలో మంగలి నా జుట్టు చేత్తో ఎత్తి చూశాడు.

“ఏం మొక్కు నాయనా? బాగా పెద్దదే తీరినట్టుండాది.”

“తీరలేదు. తీరదు గూడా. గీసెయ్ అన్నా.”

ఆయన కత్తి తీశాడు. మీసంతో సహా గీసేశాడు. గుండుకు గంధం రాసుకుని స్వామి ముందు నిలబడ్డాను. ఏమీ కోరుకోలేదు. కోరడానికి ఏం మిగిలింది గనక?

శుక్రవారం నగరిలో బస్సు దిగేసరికి ఒకటే వాన. లెక్క తేల్చుకుని చిత్తూరు వెళ్లిపోదామని మామ ఇంటికి నడిచాను. వరండాలో సూళ్లూరుపేటవాళ్లు కూర్చుని ఉన్నారు. తాంబూలం పళ్లెం మామ చేతిలో ఉంది. నన్ను చూడగానే అది జారి కింద పడింది.

“అయ్యో! చెంగల్రాయుడు బావా!”

మా నాయన పేరు పెట్టి కేక వేసి, మామ వానలోకి పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకున్నాడు. నాకేమీ అర్థం కాలేదు. తల తడుముకున్నాను. గంధం వానకు మొత్తం కొట్టుకుపోయింది. గంధం లేని బోడిగుండు, మీసం లేని మూతి, ఏడుపు మొహం. తండ్రి పోయినవాడి వాలకమే.

“కబురన్నా చెయ్యలేదే! ఒక్క గుంట మగ్గం మీద పని నేర్చుకున్నామే బావా! నీ కొడుక్కే నా బిడ్డనిస్తానని మాటిచ్చి, తప్పినానే! ఈ పాపిని సూడకుండానే పోయినావే!”

ఆ మాట సంగతి నేను వినడం అదే మొదలు.

సూళ్లూరుపేట పెద్దావిడ గబగబా లేచింది. “చావు కబురొచ్చిన ఇంట్లో తాంబూలాలా! పదండి.”

నేను నోరు మూసుకుంటే చాలు. వాళ్లు బస్సెక్కేదాకా ఊరికే ఏడిస్తే చాలు, ఏడుపు ఎలాగూ వస్తోంది. గుమ్మంలో పట్టుచీర కట్టుకుని పంకజాక్షి నిలబడి ఉంది. కానీ మామ నా భుజం మీద తల ఆనించి చిన్నపిల్లాడిలా వెక్కుతున్నాడు.

“మామా... మా నాయన బాగుండాడు. ఆదివారం గూడా సూసి వచ్చినా.”

మామ తలెత్తాడు. “మరి ఈ గుండు?”

“మొక్కు ఇచ్చేసినా.”

“గెలిచినారా మనోళ్లు?”

“లేదు మామా. ఓడిపోయినారు. నేనూ ఓడిపోయినా. లెక్క తేల్చు, పోతాను.”

మెట్టు దగ్గర ఆగి పెద్దావిడ వెనక్కి తిరిగింది. “ఎవురికో మాటిచ్చిన పిల్లను మాకు సూపిస్తారా మునిరామయ్యా?”

మామ పళ్లెంలోంచి దొర్లిన వక్కలు ఒక్కొక్కటే ఏరుకున్నాడు. “తప్పు నాదేనమ్మా. బావ పోయినాడనుకున్న ఆ గడియ నా పేణం యాడికో పోయినాది. బతికుండంగానే మాట నిలబెట్టుకోనీండి.”

వాళ్లు కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

“కానీ మామా, మొక్కు తీరకుండా...”

“నోర్ముయ్. నువ్వు అడిగింది రాకముందే ఇచ్చేసినావు. ఇంక నువ్వు ఆయనకు బాకీ లేవు. ఆయనే నీకు బాకీ.”

పంకజాక్షి సానమీద గంధం తీసి తెచ్చి నా గుండుకు మెత్తింది, కాస్త గట్టిగానే.

“ఆ పొద్దు ఎవురు ఎక్కువని అడిగినా. జవాబు ఇంకా రాలేదు.”

“నువ్వే. జుట్టిచ్చి కొండమీదే చెప్పేసినా.”

ఆమె ఏడుస్తూ నవ్వింది. నేను ఏడుస్తూనే ఉన్నాను.

మా పెళ్లయి చాలా ఏళ్లయింది. జుట్టు మళ్లీ వచ్చింది, ఇప్పుడు దానంతటదే పోతోంది. మెర్డెకా రోజుల్లో మా ఇంటికి అప్పుడప్పుడు పేపరు రాదు. నేనూ గంపలో వెతకను. ఏడుకొండలవాడు నా బాకీ ఇంకా తీర్చలేదని నాకు తెలిసిపోతుంది.