సంపూర్ణమ్మగారి లేసు సూది

"ఆ పడవ తియ్యండి! ఫొటోల్లో పడుతోంది!"

నరసాపురం పాత రేవు మెట్ల మీద నిలబడి ఆశాజ్యోతి విజిల్ ఊదింది. ఒంటి మీద నీలం కోటు, మెళ్ళో ఐడీ కార్డు, పెదవుల మీద కంపెనీ నేర్పిన చిరునవ్వు. కింద పడవలో ఉన్నవాడికి ఆ మూడూ కంటికి ఆనినట్టు లేవు.

"ఎవరి ఫొటోల్లో అండి?"

"రాజమండ్రి నుంచి క్రూజ్ వస్తోందండి. టూరిస్టులకి వ్యూ క్లియర్‌గా ఉండాలి."

"వ్యూ అంటే మేం కాదాండి? పోనీ, నవ్వమంటారా?"

నిజంగానే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. లేసు మూటలు ఒళ్ళో పెట్టుకున్న లంక ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ఆశాజ్యోతికి ఒళ్ళు మండింది. మండుతూనే, ఆ నవ్వు బాగుందని కూడా తోచింది.

అతని పేరు డేనియల్. ఇల్లు గోదావరి అవతలి లంకలో. పొద్దున్నే లేసు పనివాళ్ళని ఊళ్ళోకి దాటించి, సాయంత్రం ఇళ్ళకి చేరుస్తాడు.

ఓడ మొదట్లో వారానికొకసారి వచ్చేది. తర్వాత మూడుసార్లు. డచ్చివాళ్ళు వర్తకం చేసిన రేవు ఇదేనని ఆశాజ్యోతి మైకులో చెబితే టూరిస్టులు అబ్బో అనేవారు. ఆ రేవులో ఇప్పటికీ దాటుతున్న పడవల్ని మాత్రం దిగువన బురదలోకి నెట్టేశారు. అచ్చిబాబు టీ బడ్డీ ఎత్తించేశారు. మెట్ల పక్కన అద్దాల షాపులు లేచాయి. వాటిలో మిషను లేసుని చేతి లేసని అమ్ముతుంటే, లేసు పువ్వులల్లే తల్లి కడుపున పుట్టిన ఆశాజ్యోతే టూరిస్టుల్ని అక్కడికి నడిపించాలి. జీతం తీసుకుంటున్నాక తప్పుతుందా?

డ్యూటీ అయ్యాక కాళ్ళు మాత్రం బురద రేవుకే నడిచేవి.

"మీకు లేసు వచ్చాండి?" అని ఒకరోజు డేనియల్ అడిగాడు.

"పువ్వులొచ్చు. అతుకు రాదు."

పదిళ్ళలో అల్లిన పువ్వుల్ని ఒక్క బట్టగా కలపడమే అతుకు. ఆ పనిలో డేనియల్ తల్లి సంపూర్ణమ్మని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు.

"మీ అమ్మగారిని నేర్పమనండి."

"మా ఇంట్లో అది కోడలికే నేర్పుతారండి. సొంత కూతురు మా రాణక్క ఏడ్చి గోల పెట్టినా నేర్పలేదు."

"అయితే వద్దులెండి."

"అంత తొందరగా వద్దనకండి. కాస్త ఆలోచించుకోండి!"

ఇంతలో వాన అందుకుంది. ఆమె కంపెనీ గొడుగు తెరిచి సగం అతని మీదికి వంచింది. ఇద్దరూ చెరో సగం తడిశారు.

తర్వాత ఆమెకి ఓడ మీదే డ్యూటీ వేశారు. ఓడ మీద తారీఖులుండవు. డే వన్, డే టూ, అంతే. మూడు నెలలుగా ఆశాజ్యోతి చర్చి గడప తొక్కలేదు. అక్టోబరులో ఒక పొద్దున, ఓడ ఆలస్యమై వేగంగా వస్తున్నప్పుడు, కెప్టెన్ అడిగాడు.

"రేవులో పడవలుంటాయా? స్పీడు తగ్గించాలా?"

"ఆదివారం సార్. లంకవాళ్ళు లంక చర్చిలోనే ఉంటారు. పడవలుండవు."

అది నెలలో మొదటి ఆదివారం. ఆ రోజు రొట్టె, ద్రాక్షరసంతో ప్రభు భోజనం ఇచ్చేది పాస్టరుగారు. ఆయన ఉండేది ఊళ్ళో. అందుకే ఆ ఒక్క ఆదివారం లంకంతా ఏరు దాటుతుంది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమెకి తెలిసిన సంగతే.

బురద రేవులో తెల్లచీరలు కనబడ్డాకే గుర్తొచ్చింది. అరిచింది. అప్పటికే ఓడ లేపిన కెరటం ఒడ్డుకి దొర్లుతోంది. డేనియల్ పడవ మొన కెరటానికెదురుగా తిప్పబోయాడు, అక్కడ చోటు లేదు. పడవ ఒరిగి అందరూ నీళ్ళలో పడ్డారు. అందరూ బతికారు. పడవలు కట్టే గుంజకీ పడవకీ మధ్య పడి సంపూర్ణమ్మ కుడి మణికట్టు నలిగిపోయింది.

వారం తర్వాత అధికారుల ముందు విచారణ. తప్పంతా పడవదేననీ, డేనియల్ లైసెన్సు తీసెయ్యాలనీ కంపెనీ రాసిచ్చింది.

"పడవ అడ్డమొచ్చిందను, చాలు" అన్నాడు మేనేజరు హరిబాబు ఆమె చెవిలో. "ఉద్యోగం ఉంటుంది."

ఆశాజ్యోతి లేచి నిలబడింది.

"పడవ అడ్డం రాలేదండి. పడవలుండవని చెప్పింది నేనే. నా మాట నమ్మే కెప్టెన్ వేగం తగ్గించలేదు."

డేనియల్‌కి ఆ సంగతి అప్పుడే తెలిసింది. తల తిప్పి ఆమె వైపు ఒక్కసారి చూశాడు. మళ్ళీ చూడలేదు.

లైసెన్సు నిలిచింది, ఆమె ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. ప్రమాదం పేరు చెప్పి పాత రేవు చుట్టూ కంచె వేసి, పూర్తిగా ఓడకే ఇచ్చేశారు.

నెల తర్వాత ఆమె బురదలో దిగి డేనియల్ పడవెక్కింది. పడవలో ఇంకెవరూ లేరు. ఏటి మధ్యకి వచ్చాక అతను ఇంజిను ఆపేశాడు.

"ఎక్కడికండి?"

"మీ అమ్మగారిని క్షమించమని అడగడానికి."

"నన్ను అడగరా?"

"మీరు కాదంటే తట్టుకోలేనండి. మీరంటే నాకు అంత ఇష్టం."

అతను ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

"మీరు నిజం చెప్పబట్టే ఈ పడవ ఉంది. అమ్మ చెయ్యి చూసినప్పుడల్లా మీ మీద కోపం వస్తోంది. కోపం వచ్చినా మీరు కనబడితే బాగుండుననిపిస్తోంది. నన్నేం చెయ్యమంటారండి?"

అతను ఇంజిను తిప్పాడు.

సంపూర్ణమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన బేసిను నిండా ఇరుగుపొరుగు అల్లి తెచ్చిన పువ్వులు, కలిపే చెయ్యి లేక అలాగే పడున్నాయి. ఆమె కుడి వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఆశాజ్యోతి కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చేసింది.

"క్షమించానని ఇప్పుడే నోటితో అనలేనమ్మా" అంది సంపూర్ణమ్మ. "ఏడవడానికొచ్చావా, పనికొచ్చావా?"

ఎడమ చేత్తో లేసు సూది ముందుకి చాపింది.

ఆశాజ్యోతి చెయ్యి లేవలేదు. డేనియల్ వైపు చూసింది. అతని మొహం ఎర్రబడింది.

"అమ్మా, అది కోడలికే కదా..."

"నాకు తెలీదేంట్రా? నెల్రోజులుగా ఆ పిల్ల కోసం ఒడ్డుకేసి చూసింది నువ్వా, నేనా?"

అవతల రేవులో ఓడ కూత పెట్టింది. ఆశాజ్యోతి కళ్ళు తుడుచుకుని సూది అందుకుంది. రెండు పువ్వులు తీసుకుని, తోచినట్టు కలిపింది. సంపూర్ణమ్మ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది.

"వంకరగా ఉంది. విప్పి, మళ్ళీ కలుపు."