గీత రాకూడని చోటు

ఇండోనేషియా తీరాన మా సెమరాంగ్‌లో వానాకాలం మధ్యాహ్నాలంటే ఇంతే. భోజనాలయ్యేసరికే దీపం వేసుకోవాలి. ఆ రోజు కూడా మేడమీద నా గదిలో దీపం వేసుకుని, వేయించిన సోయాగింజల టెంపే ముక్కలు నములుతూ లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కింద వీధిలోకి చీలమండల దాకా సముద్రపు నీళ్ళు వచ్చి ఉన్నాయి. పోటొచ్చినప్పుడల్లా వస్తాయి, తర్వాత పోతాయి. మాకెవరికీ పట్టదు. ఎదురింటాయన ఆ నీళ్ళలోనే కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నాడు.

నాకున్న పని ఒక్కటే. చీకటి పడేలోగా ఒక తప్పు పట్టుకుని, సరిచేసి, లస్త్రి పిన్ని ఇంటికి విందుకెళ్ళాలి.

ఏం తప్పో చెప్తాను. 'గారిస్' అని మాదొక లైబ్రరీ ఉంది. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదులెండి, ప్రోగ్రాముల మూట. అంకెలిస్తే గ్రాఫు గీసిపెడుతుంది. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి చూసి బాగుచెయ్యొచ్చు. దాన్ని సెనో, నేను కలిసి మొదలుపెట్టాం. సెనో లస్త్రి పిన్ని ఒక్కగానొక్క కొడుకు. నాకు చుట్టమేం కాదు, కాలేజీలో నా వెనకాల పడి పని నేర్చుకున్నాడు. నోరారా అక్కా అని పిలిచేవాడు. నేను వాణ్ణి నోరారా తిట్టేదాన్ని.

చేపలవాళ్ళ రేవు చివర ఒక స్తంభానికి నీటిమట్టం కొలిచే యంత్రం బిగించింది కూడా వాడే. పోటు ఎప్పుడొస్తుందో వాడలో అందరూ ఫోన్లలో మా గ్రాఫు చూసుకునేవారు. ఒకనాడు గాలివానలో ఆ యంత్రం మూగబోయింది. అంకెలు రావడం ఆగిపోయింది. "ఇప్పుడే చూసొస్తానక్కా, టీ పెట్టి ఉంచు" అని వాన కోటు తగిలించుకుని వెళ్ళాడు వెధవ. కాసేపటికి అంకెలు మళ్ళీ వచ్చాయి. యంత్రాన్ని బాగుచేశాడు. వాడు మాత్రం రాలేదు. రేవు మొదట్లో వాడి స్కూటరు దొరికింది. ఇంకేం దొరకలేదు, ఈనాటికీ దొరకలేదు.

ఆ అంకెల మధ్య ఖాళీ ఉంది చూశారూ, వాడు అక్కడ ఉన్నంతసేపూ ఆ ఖాళీయే. వాడి చివరి గంట అందులో ఉంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ప్రతి పరీక్షకీ ఒక సరైన బొమ్మ దాచిపెట్టుకుంటాం. ప్రోగ్రాములో ఎవరు ఏం మార్చినా, యంత్రం కొత్త బొమ్మ గీసి పాతదాని మీద పెట్టి చూస్తుంది. రెండూ ఒకటిగా ఉన్నచోటల్లా నలుపు, తేడా ఉన్నచోట తెలుపు. బొమ్మంతా నల్లగా వచ్చిందా, పని బాగున్నట్టు. అంకెలు లేనిచోట గీత రాకూడదు, ఖాళీ ఖాళీగానే ఉండాలి. ఆ పరీక్షకి సెనో యంత్రం పంపిన ఆ నాటి అంకెలే పెట్టాను. గోరీ కట్టుకునే అదృష్టం లేదు కదా, కనీసం ఆ ఖాళీనైనా ఎవరూ చెరపకుండా కాపాడదామని.

ఇప్పుడు ఆ ఖాళీలోనే గీత వస్తోంది.

ముందు చెప్పింది వియత్నాంలో, దనాంగ్‌లో ఒక నర్సు. రోగి జ్వరం కొలవని పూట, కొలిచినట్టు సన్నగా గీత పడుతోందట. తర్వాత ఇంకెవరో చెప్పారు, ఇంకెవరో. బొమ్మలు పంపారు. ఎవరి అంకెలు వాళ్ళవే, కానీ ఖాళీలో పడే గీత మాత్రం అందరికీ ఒకేలా ఉంది. కిందనుంచి మొదలై కాస్త లేచి, ఆగి, మళ్ళీ లేచి... ఎవరో మెట్లెక్కుతున్నట్టు.

పెనాంగ్‌లో ఉండే కియాత్ గారిస్ కొత్త విడుదల పనులు చూస్తాడు. చాట్‌లో పొద్దుటినుంచీ నా ప్రాణం తోడేస్తున్నాడు.

"అక్కా, పరీక్షలన్నీ నెగ్గి పచ్చగా ఉన్నాయి, నీదొక్కటే ఎర్రగా ఏడుస్తోంది. ఏం చేస్తున్నావ్, వంటా?"

"నీ పిండాకూడు వండుతున్నా. ఉండరా కాస్త."

"వెంట్రుకంత గీతకి ఇంత రాద్ధాంతమా? కొత్త బొమ్మే సరైన బొమ్మ అని ఒప్పేసుకో. అందరూ చేసేదేగా?"

అందరూ చేసేదే. విసుగొచ్చినప్పుడు చూడకుండా 'ఒప్పుకున్నాం' నొక్కేస్తారు, అప్పట్నుంచి తప్పే ఒప్పయి కూర్చుంటుంది. ఇంకే పరీక్షయినా నేనూ నొక్కేసేదాన్నే. ఇది నొక్కబుద్ధి కాలేదు.

లస్త్రి పిన్ని ఫోన్ చేసింది. వెనక మూకుడు చప్పుడు, కొబ్బరిపాల వాసన ఫోన్లోంచే వస్తున్నట్టుంది. చనిపోయినవాళ్ళ కోసం పోసే అపెం అట్లు పోస్తోంది.

"ఎప్పుడొస్తావే? జనం నమాజు కాగానే వచ్చేస్తారు."

"వచ్చేస్తా పిన్నీ. చిన్న పనుంది."

"నీ పనులు ఎప్పుడూ చిన్నవే, తెమలవు. వాడూ ఇంతే." మూకుడు మీద మూత పెట్టిన చప్పుడు. "వాడు వెళ్ళి వెయ్యో రోజు కదా, ఇవాళ్టితో సరి, ఇక ఎదురుచూడకూడదంటున్నారే పెద్దవాళ్ళు. రేపు గోరీ రాయి నిలబెట్టాలిట. ఏ మట్టిమీద నిలబెట్టను చెప్పు? ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి వాడి మొహం చూస్తే నిలబెట్టేస్తాను. నాకింకేం వద్దు."

చేతిలోని టెంపే ముక్క పక్కన పెట్టేశాను.

"అన్నట్టు, మా వెనక మెట్లు తడిగా ఉంటున్నాయే. పోటునీళ్ళు అంత ఎత్తు రావుగా?"

"వాన పిన్నీ" అన్నాను.

పరీక్షని మళ్ళీ నడిపాను. నల్లటి బొమ్మ వచ్చింది. ఖాళీ ఎడమ అంచున తెల్లటి ముక్క. ఇంకోసారి నడిపాను. ముక్క పెరిగింది. ఏమీ మార్చలేదు నేను. ఊరికే నడిపాను, అంతే.

మా దగ్గర తప్పుని పట్టడానికి ఒక దారి ఉంది. ప్రోగ్రాములో జరిగిన మార్పుల చరిత్రని సగానికి విరిచి, ఇటు మంచా, అటు మంచా అని చూస్తూ వెనక్కి పోవాలి. ఎక్కడ మొదటిసారి చెడిందో అక్కడ దొంగ దొరుకుతాడు. విరిచాను. చెడ్డదే. ఇంకా వెనక్కి పోయాను. అక్కడా చెడ్డదే. సెనో మొట్టమొదట రాసిన నాటికి పోయినా గీత ఉంది. ఇన్నేళ్ళూ అది అక్కడే ఉండి, ఇప్పుడే కనిపించడం మొదలెట్టినట్టు.

అప్పుడు ఆ మొదటి రాతని నెమ్మదిగా చదివాను. వాడి అలవాట్లన్నీ అందులో ఉన్నాయి, వాడి వంకర పేర్లు, "అక్క తిడుతుంది, తర్వాత సరిచెయ్యాలి" అని పక్కన రాసుకున్న మాటలు. నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. దొంగ దొరికాడు. ఖాళీ వచ్చినప్పుడు కలం ఎత్తుతున్నాం గానీ, మెమరీలో అంతకుముందున్నదాన్ని తుడవడం లేదు. అక్కడ ఏం మిగిలి ఉంటే అది గీతై పడుతోంది. తుడిచెయ్యమని ఒక్క వరస రాస్తే చాలు.

ఏం మిగిలి ఉందో, ఎవరిది మిగిలి ఉందో ఆ రాతలో లేదు.

గదిలో వాసన మారింది. రేవు దగ్గర నీళ్ళు వెనక్కి తీసినప్పుడు వచ్చే బురద వాసన, పచ్చి చేపల వాసన. కిటికీ మూశాను. పోలేదు. దీపం సన్నగిల్లింది.

ఫైలు సేవ్ చేసినప్పుడల్లా పరీక్ష దానంతటదే నడిచేలా పెట్టుకున్నాను. ఏదో చిన్న మార్పు చేసి సేవ్ చేశాను. తెల్లగీత ఖాళీ మధ్య దాకా వచ్చింది.

చప్... అని మెట్లమీద చప్పుడు. మా ఇంటి మెట్లు కావు. బల్లమీది ఫోన్లోంచి. పిన్ని ఎప్పుడు చేసిందో, నేనెప్పుడు ఎత్తానో తెలీదు.

"అమ్మాయ్..." పిన్ని గుసగుసగా అంది. "వెనకవైపు ఎవరో ఉన్నారే."

"వంటకొచ్చినవాళ్ళేమో పిన్నీ."

"వాళ్ళంతా ముందుగదిలో ఉన్నారు."

వేలు జారింది. అనుకోకుండా మళ్ళీ సేవ్ నొక్కాను. గీత ముందుకొచ్చింది. ఫోన్లో చప్... చప్... తడికాళ్ళు.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇక ఏమీ ముట్టుకోలేదు. అయినా బొమ్మ మారింది. గీత లేచింది. ఆగింది. లేచింది. కుడి అంచుకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

"వాడేనే..." పిన్ని ఏడుస్తోందో నవ్వుతోందో. "వాడి దగ్గు నాకు తెలీదా? తలుపు తియ్యనా?"

వాడే అయితే? వాడు కాకపోతే? ఇన్నాళ్ళు నీళ్ళలో ఉన్నది ఏ మొహం పెట్టుకుని వస్తుంది? ఆ ముసలి ప్రాణం అది చూసి తట్టుకుంటుందా? బురద వాసన నా భుజం వెనకే ఉంది. తిరిగి చూసే ధైర్యం లేదు...

"వద్దు పిన్నీ!" అరిచాను. "తియ్యొద్దు! నీకు దణ్ణం పెడతా, తియ్యొద్దు!"

"చలేస్తోందంటున్నాడే..."

ఆ ఒక్క వరస రాశాను. తుడిచెయ్యి. సేవ్ నొక్కాను.

నలుపు.

బొమ్మంతా నలుపు. పరీక్ష పచ్చబడింది. దీపం మామూలుగా వెలిగింది. వాసన లేదు. కింద ఎదురింటాయన రేడియో వినిపిస్తోంది. ఫోన్లో చప్పుడు లేదు.

"పిన్నీ? పిన్నీ, ఉన్నావా?"

నాలుగోసారి పిలిస్తే పలికింది.

"తువ్వాలడిగాడే. తలుపు సందులోంచి చూశాను. జుట్టంతా నీళ్ళోడుతోంది, కాళ్ళకి చెప్పుల్లేవు. అంతే, అచ్చం వాడే, ఏం మారలేదు. తువ్వాలు తీసుకుని తలుపు తీశాను. అప్పటికే లేడు." ఊపిరి తీసుకుంది. "నువ్వెందుకే వద్దన్నావ్?"

ఫోన్ బల్లమీద బోర్లించాను.

కియాత్ చాట్‌లో టపాకాయల బొమ్మలు పెట్టాడు. "పచ్చబడింది! అక్కా, నీ చేతికి బంగారు కడియం తొడగాలి!" ఆ చేతిని నరుక్కోవాలనిపించింది నాకు.

మా పనిలో ఎవరూ చెయ్యని పని చేశాను. సరిచేసినదాన్ని పీకి పారేశాను. తప్పుని ఎక్కడిదక్కడ, అక్షరం తేడా లేకుండా మళ్ళీ పెట్టాను. పరీక్ష నడిపాను. రారా, నాయనా, రా. నలుపు. మళ్ళీ నడిపాను. నలుపు. జనం నమాజు చేసుకుని పిన్ని ఇంటికి చేరినా నేను నడుపుతూనే ఉన్నాను. ఒక్క గీతా రాలేదు. దనాంగ్ నర్సుకి కూడా ఆగిపోయిందట, ధన్యవాదాలు చెప్పింది.

విందుకి ఆలస్యంగా వెళ్ళాను. పిన్ని తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆకులో అపెం పెట్టి, తినవే అంది. వెనక మెట్టుమీద ఒక తువ్వాలు మడతపెట్టి ఉంది. మర్నాడు రాయి నిలబెట్టలేదు. పెద్దవాళ్ళు మందలించారు, ఆవిడ వినలేదు. "తలుపు దాకా వచ్చినవాడికి రాయేంటి?" అంది. ఇప్పటికీ రోజూ పొద్దున్నే ఆ తువ్వాలు ఉతికి, ఆరేసి, సాయంత్రం మళ్ళీ అక్కడే పెడుతుంది. వెనక తలుపుకి గడియ వెయ్యదు.

నేను రోజూ పరీక్ష నడుపుతాను. అది పచ్చగానే ఉంటుంది, అందుకని మావాళ్ళెవరూ బొమ్మ తెరిచి చూడరు. నేను చూస్తాను. నలుపు మధ్యలో, ఖాళీకి కుడి అంచున, లోపలివైపు, ఒక్క తెల్లటి చుక్క ఉంది, యంత్రం లెక్కలోకి రానంత చిన్నది. గట్టుని పట్టుకున్న వేలికొస అంత.

మొదటిరోజు అది నీటిమట్టం గీత దగ్గర ఉంది. ఆ తర్వాతనుంచి, పట్టు జారుతున్నట్టు, రోజూ కొంచెం కిందికి దిగుతోంది.